ఆరిన్ టెస్కీ పెట్టిన సంతకం

ఆరిన్ టెస్కీ పందొమ్మిదేళ్ళ వయసులో పాల ట్యాంకరు తోలేవాడు. తెల్లవారుతూనే పొలాలన్నీ తిరిగి పాలు నింపుకుని జున్ను ఫ్యాక్టరీలో దించాలి. ఒక ఏప్రిల్ ఉదయం నిండు ట్యాంకరుతో వాలు దిగుతుంటే బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయింది. హారను కొట్టుకుంటూ, గేర్లు తగ్గించుకుంటూ, చివరికి రోడ్డు పక్కన ఒక రైతు ఆవులకోసం వేసుకున్న పాతరగడ్డి కుప్పలోకి బండిని తోలేశాడు. ప్రాణం దక్కింది గానీ ఎన్నిసార్లు స్నానం చేసినా మూడు రోజులపాటు ఒంటినుంచి పులిసిన గడ్డి కంపు పోలేదు. ఆ రైతు కూతురు మార్లిస్‌నే తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. "మా అల్లుడు బ్రేకుల్లేకుండా వచ్చి మా ఇంటిమీద పడ్డాడు" అని మామగారు పెళ్ళి విందులో అందరితో చెప్పుకుని నవ్వాడట.

అందరూ నవ్వారు గానీ ఆరిన్ నవ్వలేదు. ఆ పెడలు కాలికింద గాల్లోకి దిగిపోయిన క్షణం ఆయనలో అలా ఉండిపోయింది. తర్వాత మా జిల్లా స్కూలు బస్సుల షెడ్డులో బ్రేకుల పనికి కుదిరాడు. ముప్ఫైఒక్క ఏళ్ళు చేశాడు. ఆయన చెయ్యి పడిన బస్సు ఒక్కటి కూడా ఆగవలసిన చోట ఆగకుండా పోలేదు. ఇది ఆయన చెప్పుకున్నది కాదు, ఊరు చెప్పుకున్నది.

నా పేరు ట్రూడీ. షెబోయ్‌గన్ ఊరికి పడమర గుట్టల మధ్య కార్ల ట్రాక్ ఒకటి ఉంది. వేసవి శనివారాల్లో మా క్లబ్బు దాన్ని అద్దెకు తీసుకుంటుంది. పందేలు కావు. పళ్ళ డాక్టర్లు, ప్లంబర్లు, టీచర్లు ఎవరి స్పోర్ట్స్ కారు వాళ్ళు తెచ్చుకుని, వంతులవారీగా ఒళ్ళు మరిచి తోలుకుని పోతారు. నేను ఆరంభ గీత దగ్గర జెండాలు పట్టుకుంటాను. పొద్దున్నే ప్రతి కారునూ ఒక మనిషి చక్రం చక్రం పరీక్ష చేసి కాగితం మీద సంతకం పెడితేనే ట్రాక్ మీదికి వదులుతారు. పదకొండేళ్ళపాటు ఆ మనిషి ఆరిన్.

పరీక్ష అయిపోయాక ఆయన తన పికప్ ట్రక్కు వెనక తలుపు దించుకుని దానిమీద కూర్చునేవాడు. ఇక చూడాలి. చేతిలో సాసేజీ రొట్టెలతో జనం ఆయన చుట్టూ చేరేవాళ్ళు. అందరిదీ ఒకటే ప్రశ్న: నా డిస్కులు పోయాయి, ప్యాడ్లు అరిగాయి, ఏవి కొనాలి? డిస్కంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం; దాన్ని రెండు పక్కలా నొక్కి ఆపేవి ప్యాడ్లు. ఆరిన్ డిస్కుమీద గోరు అడ్డంగా గీసేవాడు. పగులు గోటికి తగిలితే డిస్కు పక్కన పెట్టేసేవాడు.

"చిల్లుల డిస్కులు చూడ్డానికి బానే ఉంటాయిరా అబ్బాయ్. పగిలేది ఆ చిల్లు దగ్గరే. ఏ సోకూ లేని డిస్కు కొనుక్కో. ప్యాడ్ల దగ్గర మాత్రం పీనాసితనం చెయ్యకు. ఊళ్ళో తిరిగే ప్యాడ్లతో ఇక్కడికొస్తే మూడో చుట్టుకల్లా వెన్నముద్దలైపోతాయి."

ఈ మాటలు ఏటా చెప్పినవే. అయినా ఏటా విన్నారు. ఆ వెనక తలుపే ఆయన సింహాసనం.

నడీన్ ప్రీబ్ మా క్లబ్బులో చేరింది ఒక మే నెలలో. ముప్ఫైఆరేళ్ళుంటాయి. దగ్గర్లోని ఇనుప పోత ఫ్యాక్టరీలో పోసిన ఇనుము మంచిదో కాదో తేల్చే పని ఆమెది. తెల్లటి పాత కారు, మోచేతులదాకా మసి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మొదటి శనివారమే ఎవరో రెండు కొత్త డిస్కులు తెచ్చి ఆరిన్ ముందు పెట్టి, వీటిలో ఏది ఉంచుకోను, ఏది తిప్పి పంపను అని అడిగారు. ఆరిన్ రెండింటినీ తిప్పి చూశాడు. చూపుకి కవల పిల్లల్లా ఉన్నాయి.

"రెండూ ఒకటే. చౌకది ఉంచుకో" అన్నాడు.

"ఒక్కసారి ఇలా ఇస్తారా?" అంది నడీన్ వెనకనుంచి. డిస్కును వేలికి వేలాడదీసి చిన్న రెంచితో కొట్టింది. అది గుడిగంటలా మోగింది. రెండోదాన్ని కొడితే కుండమీద కొట్టినట్టు 'డబ్' మని ఊరుకుంది.

"మోగనిదే మంచిది" అంది. "దీంట్లో కర్బనం ఎక్కువ. వేడిని తొందరగా లాగేస్తుంది, ఒణుకు మింగేస్తుంది. మోగేది ఇక్కడ రెండు నెలల్లో పగుల్తుంది."

గుంపులో ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు తన డిస్కులు తెచ్చుకోవడానికి పరుగెత్తాడు. ఆరిన్ నవ్వుతూనే ఉన్నాడు. కానీ ముప్ఫై ఏళ్ళుగా ఎన్ని వేల డిస్కులు ఎత్తి ఉంటాడు! ఒక్కదాన్నైనా తట్టి విందామని తోచలేదు. ఇంటికెళ్ళి, షెడ్డు తలుపు వేసుకుని, ఉన్న డిస్కులన్నీ ఒక్కొక్కటే వేలాడదీసి కొట్టి విన్నాడు. ఆమె చెప్పింది నిజమే. నిజమైనందుకే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ వేసవిలో ట్రక్కు దగ్గర గుంపు పలచబడింది. ఆరిన్ లెక్కపెట్టేవాడు. తన దగ్గర ముగ్గురుంటే ఆమె కారు దగ్గర తొమ్మిదిమంది. ఆమె నవ్వితే ఏం చెప్పి నవ్వించారా అని చెవి అటు వేసేవాడు. ఎవరైనా దారిలో ఆగి "ఏం ఆరిన్, కులాసానా?" అంటే, అటు వెళ్తూ మధ్యలో జాలిపడి ఆగారనుకునేవాడు. ఇదంతా ఆయన తర్వాత నాతో తన నోటితో చెప్పినదే. అప్పుడు మాకెవరికీ తెలియదు. కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్న మనిషి పైకి మామూలుగానే ఉంటాడు.

జూలైలో ఒక శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే ఆరిన్, మార్లిస్, ఆమె తమ్ముడు రోలీ ఊరి చివర బార్లో వేయించిన చేప తినడానికి కూర్చున్నారు. రోలీ ప్లంబరు. వాడికో పచ్చ రంగు రెండు సీట్ల పాత కారుంది. అది కొన్న రోజునుంచి దానికి ఏ డిస్కు వెయ్యాలన్నా, ఏ ప్యాడు వెయ్యాలన్నా బావగారి మాటే.

"బావా, నా డిస్కులు పోయాయి. పగులు అంచుదాకా పాకింది. ప్యాడ్లు కూడా రేకు తేలాయి" అన్నాడు రోలీ.

"నే చెప్పలేదూ? రేపు షెడ్డుకి రా. ఏవి తెప్పించాలో చూద్దాం."

రోలీ చేపముక్కను సాసులో ముంచి, తియ్యడం మరిచిపోయాడు. "అది కాదు బావా. నడీన్‌ని అడిగేశా."

"ఏమని?"

"ఏవి కొనాలని. రాసిచ్చింది కూడా, చూడు." జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్లమీద తోశాడు.

ఆరిన్ దాన్ని ముట్టుకోలేదు. "నేనెందుకురా చూడ్డం? ఆవిడ చదువుకున్న మనిషి. మనం బస్సులు కడుక్కునేవాళ్ళం."

"అదిగో, మొదలెట్టావ్."

"ఏం మొదలెట్టా? మంచిదే అంటున్నాగా!"

మార్లిస్ మొగుడి వైపు చూసింది. "ఆ ఆముదం తాగిన మొహమేంటి? వాడు అడిగింది డిస్కులు. నీ కిడ్నీ ఇమ్మన్లేదు."

రోలీ కాగితం తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆ రాత్రి భోజనం ఆరిన్‌కు సయించలేదు. పరాయివాళ్ళు పోతే పోయారు, సొంత బావమరిది! పోనీ, అడిగే ముందు ఒక్క మాట చెప్పొచ్చుగా!

సెప్టెంబరులో ఆ ఏటి ఆఖరి శనివారం వచ్చింది. పొద్దున్న పరీక్ష వరసలో రోలీ కారు ఆరోది. నాలుగు డిస్కులూ కొత్తవే, తళతళ మెరుస్తున్నాయి. ఆరిన్ మోకాళ్ళమీద కూర్చుని లైటు వేసి వెనక చక్రంలోకి చూశాడు. కొత్త ట్రాక్ ప్యాడ్లు, నారింజ రంగు వీపుతో. ముందు చక్రంలోకి చూశాడు. నల్ల ప్యాడ్లు. రోలీ పనికి వెళ్ళొచ్చేటప్పుడు వాడుకునే మామూలువి.

బ్రేకుల గురించి తెలిసినవాళ్ళెవరికైనా చెమట పట్టవలసిన సంగతి అది. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందుకు పడి కారు తోక తేలికవుతుంది. ఆ పూట మొదటి రెండు చుట్లూ ఏమీ కాదు. మూడో చుట్టుకి ముందున్న మామూలు ప్యాడ్లు వేడికి మెత్తబడతాయి, వెనక ట్రాక్ ప్యాడ్లు అప్పుడే వేడెక్కి పట్టు అందుకుంటాయి. వెనక చక్రాలు బిగుసుకుపోతాయి. తోక తిరిగి ముందుకొస్తుంది. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు ఆ పాత కారులో లేదు.

ఆరిన్‌కు ఇదంతా ఒక్క చూపులో అర్థమైంది. దాని వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ అమ్మాయి ఇనుము చదివింది గానీ కారు చదవలేదు. ఇప్పుడు నేను చెప్తే వీడు 'సరే బావా' అని కారు పక్కన పెడతాడు. ఆవిడ తప్పు ఆవిడ దగ్గరే ఉండిపోతుంది, ఎవరికీ తెలీదు. ఒక్కసారి తోక ఊగిందా, తెలుస్తుంది. చుట్టూ గడ్డీ ఇసకే కదా. ఏమవుతుంది?

"ఏం బావా, ఎలా ఉన్నాయి నా కొత్త డిస్కులు?" అన్నాడు రోలీ హెల్మెట్ తిప్పుకుంటూ.

"నన్నడుగుతావేంట్రా? మీ నడీన్‌నే అడుగు" అన్నాడు ఆరిన్. కాగితం మీద సంతకం పెట్టి అద్దం వైపరు కింద దోపాడు.

తర్వాత ఇంకో నాలుగు కార్లు చూశాడు. ఏం చూశాడో ఆయనకే తెలియదు. కంచె దగ్గరికి వెళ్ళి కాఫీ పట్టుకుని నిలబడ్డాడు. పచ్చ కారు ట్రాక్ మీదికి వెళ్ళింది. మొదటి చుట్టు పూర్తిచేసి ఎదురుగా దూసుకుపోయింది. అంతలో నడీన్ చేతులు తుడుచుకుంటూ పక్కకు వచ్చింది.

"ఆరిన్ గారూ, అది రోలీ కారేనా? ముందు చక్రాల ప్యాడ్లు ఎప్పుడొచ్చాయి? ఇంకా పది రోజులు పడుతుందన్నాడే నిన్న."

ఆరిన్ పచ్చ కారు మీంచి కళ్ళు తియ్యలేదు.

"నాలుగూ ఒకేసారి వెయ్యమన్నా. ముందువీ వెనకవీ రెండూ చేతికి రాకుండా ఒక్క ప్యాడు కూడా బిగించొద్దని కాగితంమీద రాసి, కింద గీత కూడా గీశా. మీరు చూసే ఉంటారు."

చూడలేదు. బల్లమీదికి తోసినప్పుడు ముట్టుకోలేదు. ఆమె తప్పు చెయ్యలేదు. తొందరపడింది రోలీ. పొద్దుట్నుంచి ఆరిన్ పట్టుకుని నిలబడిన ఒక్క సాకూ ఊడిపోయింది. మిగిలింది ఒక్కటే: ఆ కారులో మార్లిస్ తమ్ముడున్నాడు. ఆమె వచ్చి ఆ మాట అనకపోయుంటే తను కదిలేవాడా అని ఆరిన్ తనను తాను చాలాసార్లు అడుక్కున్నాడు. తెలియదంటాడు.

కాఫీ కప్పు కిందపడింది. యాభైఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులవాడు, రెండువందల గజాలు పరుగెత్తుకొచ్చాడు.

"నల్లజెండా! ట్రూడీ, నల్లజెండా! పచ్చ కారుకి!"

నల్లజెండా చూపిస్తే ఆ కారు తోలేవాడు వెంటనే వేగం తగ్గించి బయటికి వచ్చెయ్యాలి. పైనుంచి మాట రాకుండా నేను చూపించకూడదు. కానీ ఆరిన్ మొహం చూశాక ఎవర్నీ అడగాలనిపించలేదు. రెండో చుట్టు పూర్తిచేసి పచ్చ కారు నేరుగా మా వైపు వస్తోంది. జెండా చాచి పట్టుకున్నాను. రోలీ చూశాడు, చెయ్యెత్తాడు, యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. కారు నన్ను దాటి మొదటి మలుపుకి వెళ్ళింది. అక్కడ బ్రేకు తొక్కాడు.

తోక ఒక్క ఊపులో ముందుకొచ్చింది. కారు బొంగరంలా రెండుసార్లు తిరిగి, గడ్డి దాటి, ఇసకలో దున్నుకుంటూ పోయి టైర్ల గోడకు నాలుగడుగుల దూరంలో ఆగింది. జెండా చూసి ముందే కాలు తీశాడు కాబట్టి ఆ నాలుగడుగులు మిగిలాయి. దుమ్ము దిగేదాకా ఆరిన్ నా పక్కనే చిన్నపిల్లాడిలా నా చొక్కా పట్టుకుని ఉన్నాడు. దుమ్ములోంచి రోలీ బయటికి వచ్చాడు. నాలుక కొరుక్కున్నాడు, మణికట్టు బెణికింది. అంతే.

కారును లాక్కొచ్చి చక్రాలు విప్పగానే జనం మూగారు. క్లబ్బు పెద్ద ఎల్డన్ క్రోగర్ ముందుకు వంగి చూశాడు.

"ముందు ఇవి, వెనక అవా? ఎవడ్రా నీకు చెప్పిన తెలివైనవాడు?"

రోలీ తల వంచుకున్నాడు. గుంపులోంచి ఎవరో నడీన్ వైపు చూసి, "కాగితాలమీద బ్రేకులు వేసేవాళ్ళ మాట వింటే ఇంతే" అన్నారు. రెండు మూడు తలలు ఊగాయి. నడీన్ రోలీ వైపు చూసింది.

వేసవంతా ఆరిన్ వినాలని ఎదురుచూసిన మాట అదే. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ట్రక్కు వెనక తలుపు మళ్ళీ ఆయనదే.

"ఆవిడ తప్పేం లేదు" అన్నాడు ఆరిన్. "నాలుగూ ఒకేసారి వెయ్యమని రాసిచ్చింది. వీడు ఆగలేకపోయాడు. పొద్దున్న నేను చూశా. ముందేమున్నాయో, వెనకేమున్నాయో నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టా."

"తెలిసే? ఎందుకు?" అన్నాడు ఎల్డన్.

"ఆవిడ మాట తప్పని అందరికీ తెలియాలని."

రోలీ నోట్లో నెత్తురు తుడుచుకుంటూ, "నన్నా బావా?" అన్నాడు. అంత చిన్న గొంతుతో వాడు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

నడీన్ ఆరిన్‌కు ఎదురుగా వచ్చి నిలబడింది. "నేను క్లబ్బులో చేరిందే మీ దగ్గర నేర్చుకుందామని. మీరుంటారని మా ఫ్యాక్టరీలో చెప్తే వచ్చా" అంది. ఇంకేమీ అనకుండా తన కారెక్కి వెళ్ళిపోయింది. తిట్టినా బావుండేదని ఆరిన్ తర్వాత అన్నాడు.

పరీక్ష చేసే పని ఆ రోజే వదులుకున్నాడు. ఎల్డన్ తీసేసేలోగా తనే వదిలేశాడు. ఇంట్లో మార్లిస్ మూడు వారాలు మాట్లాడలేదు. వంట చేసింది, పక్క వేసింది, మాట్లాడలేదు. నవంబరులో థాంక్స్‌గివింగ్ విందుకు రోలీ రాడనే అనుకున్నారు. వచ్చాడు, మణికట్టుకి ఇంకా కట్టుతోనే. అందరూ బల్ల చుట్టూ బిర్రబిగిసి కూర్చున్నారు. ఆరిన్ కత్తి పట్టుకుని కాల్చిన టర్కీ కోడి ముందు నిలబడ్డాడు.

"ఏం బావా, నువ్వే కోస్తావా, నడీన్‌ని పిలిచి ఎక్కడ కొయ్యాలో అడగమంటావా?" అన్నాడు రోలీ.

ముందు మార్లిస్ నవ్వింది. ఆరిన్ కత్తి కింద పెట్టి గదిలోకి వెళ్ళి కాసేపటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోడిని రోలీయే వంకర టింకరగా కోశాడు.

మరుసటి వేసవి ఆరిన్ నా పక్కన జెండాలు పట్టుకున్నాడు. పరీక్ష చేసే పని క్లబ్బు నడీన్‌కు ఇచ్చింది. మే నెలంతా ఆమె ఆయన మొహం చూడలేదు. జూన్‌లో ఒక శనివారం అరిగిన ప్యాడు ఒకటి పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. పలకరింపు లేదు.

"ఒక పక్కే వాలుగా అరిగింది. ఎందుకు?"

ఆరిన్ అందుకుని చూశాడు. "ప్యాడును నొక్కే పిడికిలి జారే పిన్ను ఉంటుంది చూడు, అది తుప్పుపట్టి ఇరుక్కుంది. ప్యాడు మార్చి లాభం లేదు. పిన్ను తీసి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టమను."

ఆమె ప్యాడు తీసుకుని వెళ్ళిపోయింది. పై వారం ఇంకోటి తెచ్చింది. ఆపై వారం రెండు. జూలై చివరికి "థాంక్సండీ" అనడం మొదలుపెట్టింది. ఆగస్టులో ఆమె దగ్గర గుమిగూడినవాళ్ళు ఇరుక్కున్న పిన్ను గురించి ఆమె చెప్తుంటే ఆహా ఓహో అంటున్నారు. ఆ మాటలు మాదాకా వినిపిస్తున్నాయి. ఆరిన్ జెండా కర్ర నలుపుతూ నిలబడ్డాడు.

"మండుతోందా?" అన్నాను.

"మండదా మరి? నేను చెప్పిన ముక్కే, ఒక్క అక్షరం మార్చకుండా చెప్తోంది" అన్నాడు. కొంచెం ఆగి, "బాగా చెప్తోందిలే" అన్నాడు, ఎవరో మెడమీద చెయ్యేసి అనిపించినట్టు.

ఆ ఏడాది ఆఖరున ఆయన ట్రాక్ మీద తోలే సొంత కారుకే డిస్కులు మార్చాల్సి వచ్చింది. అరిగిన డిస్కు చంకలో పెట్టుకుని నడీన్ కారు దగ్గర వరసలో నిలబడ్డాడు. ముందు ఐదుగురున్నారు. రమ్మని దారిచ్చినా వెళ్ళలేదు. వంతు వచ్చేదాకా ఉన్నాడు. నడీన్ ఒక డిస్కు పేరు చెప్పింది. అదే కొంటానన్నాడు. ప్యాడ్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పడలేదు.

"ఇవి వెయ్యండి. పట్టు గట్టిగా ఉంటుంది, వేడికి లొంగవు."

"చల్లగా ఉన్నప్పుడు చెక్కముక్కల్లా ఉంటాయమ్మా అవి. నా కాలు పాతది, నెమ్మదిగా పట్టుకునేవే కావాలి."

"మీరు తోలే వేగానికి అవి చాలవండీ."

"నలభై ఏళ్ళనుంచి తోలుతున్నా."

"అందుకే చెప్తున్నా."

వెనక వరసలోవాళ్ళు నవ్వారు. ఆరిన్ చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు. అరగంటసేపు వాదించుకుని, డిస్కులు ఆమె చెప్పినవి, ప్యాడ్లు తను అనుకున్నవి తెప్పించుకున్నాడు.

ఆ డిస్కులమీద రెండు వేసవులు తోలాడు. ఒక్క పగులు రాలేదు. ప్యాడ్లు మాత్రం మూడో శనివారానికే వాసన కొట్టడం మొదలుపెట్టాయి. ఆమె చెప్పినవే వేసుంటే బావుండేదని నాతో ఒకసారి అన్నాడు. ఆ సంగతి ఆమెకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.